వాచీ ఎక్కిన మెట్లు

ఈ మధ్య మా ఓ.పి.కి వచ్చేవారిలో చాలామంది చేతికి ఫిట్‌నెస్ వాచీ ఉంటోంది. నాడి చూద్దామని మణికట్టు పట్టుకుంటే ముందు అదే తగులుతోంది.

మొన్న వేసవిలో 60 దాటిన ఒక అమ్మగారిని మేము మామూలుగా అడిగే ప్రశ్నే అడిగాం, "ఆగకుండా ఎన్ని మెట్లు ఎక్కగలుగుతున్నారమ్మా?" అని. ఆమె జవాబు చెప్పకుండా చెయ్యి చాపారు. ముందు రోజు లెక్క 9 అంతస్తులు అని వాచీలో ఉంది. అమెరికాలో ఉన్న కొడుకు పంపించాడట. ఆ లెక్క అతని ఫోన్‌లో కూడా కనిపిస్తుందని, రోజూ చూసుకుని సంతోషిస్తాడని చెప్పారు. పాదాలు చూస్తే వాపు, వేలితో నొక్కితే గుంట పడుతోంది. నెమ్మదిగా అడిగితే సంగతి బయటపడింది. ఇంటికి ఉన్నది ఒక్క మేడే. అది ఎక్కడానికే మధ్యలో రెండుసార్లు ఆగుతున్నారు. సాయంత్రం డాబా మీద కాసేపు నడుస్తారు. మరి 9 అంతస్తులు ఎవరు ఎక్కినట్టు?

ఈ వాచీలు మెట్లను ఒక్కొక్కటిగా లెక్కపెట్టవు. వాటి లోపల గాలి ఒత్తిడిని కొలిచే చిన్న పరికరం ఉంటుంది. పైకి వెళ్ళేకొద్దీ గాలి ఒత్తిడి తగ్గుతుంది, సుమారు 8 మీటర్లకు ఒక మిల్లీబారు చొప్పున. పేరున్న కంపెనీల వాచీలు చాలావరకు 10 అడుగులు, అంటే 3 మీటర్ల ఎత్తు ఎక్కితే ఒక అంతస్తు అని వేసుకుంటాయి. ఆ ఎత్తుకు తగ్గే ఒత్తిడి ఎంతో స్వల్పం. డాబా మీద గాలి విసురుగా కొట్టినా, వానకు ముందు వాతావరణం మారినా, ఒక్కోసారి తలుపు తెరిచినా అంత తేడా వస్తుంది. ఆ సమయంలో మనం నడుస్తుంటే, మెట్లెక్కుతున్నామని వాచీ అనుకుంటుంది. లిఫ్టులో ఊరికే నిలబడితే మాత్రం అడుగులు పడవు కాబట్టి సాధారణంగా లెక్కలోకి రాదు.

తక్కువ చూపించడమూ ఉంది. రెండు చేతులతో ట్రే పట్టుకుని పై వార్డుకు వెళ్ళే మా సిస్టర్లకు ఇది అనుభవమే. చెయ్యి ఊగకపోతే వాచీకి అడుగు పడినట్టు తెలియదు. రైలింగ్ పట్టుకుని ఎక్కే పెద్దలకూ అంతే. అలాగని వాచీ కోసం రైలింగ్ వదిలేరు, తుంటి ఎముక విరిగితే ఆ బాధ వేరు! చవక బ్యాండ్లలో కొన్నిటికి అసలు ఆ పరికరమే ఉండదు.

లెక్క సరిగ్గా వచ్చినా, మీరు మధ్యలో ఎన్నిసార్లు ఆగారో ఆ అంకె చెప్పదు. డాక్టరుగారికి కావలసింది అది. ఆపరేషన్‌కు ముందు "రెండంతస్తులు ఆగకుండా ఎక్కగలరా?" అని అడిగేది గుండె, ఊపిరితిత్తుల శక్తి తెలుసుకోవడానికే. మీ ఇంటి మెట్లు మీరే లెక్కపెట్టుకోండి. మెట్టు 6 అంగుళాలైతే 20 మెట్లు 10 అడుగులు. పోయిన నెల 20 ఎక్కినవారు ఇప్పుడు పదో మెట్టుకే ఆగుతుంటే, పాదాలు వాస్తుంటే, పడుకోవడానికి ఇంకో దిండు కావలసి వస్తుంటే, ఇచ్చిన తేదీ కోసం చూడకుండా వచ్చేయండి. ఎక్కుతుంటే గుండెల్లో నొప్పి, చెమటలు వస్తే అక్కడే కూర్చోండి, ఎవరినైనా పిలిచి వెంటనే ఆసుపత్రికి చేరండి.

ఆ అమ్మగారిని ఆ రోజే అడ్మిట్ చేశారు. గుండె బలహీనపడి ఒంట్లో నీరు చేరిందని తేలింది. నీరు తగ్గాక ఇంటికి వెళ్ళారు. వాచీ ఇంకా పెట్టుకుంటున్నారు, టైము చూసుకోవడానికి. కొడుకు మాత్రం ఇప్పుడు ఫోన్ చేసి, ఎన్నో మెట్టు దగ్గర ఆగావమ్మా అని ఆమెనే అడుగుతున్నాడట.