సింహం ఒడిలో చిరుత కూన

కాకి పిల్ల కాకికి ముద్దు అంటూంటాం కదా! మరి ఒక తల్లి తన జాతి కాని పిల్లకి, అందులోనూ పగవారి పిల్లకి, పాలిస్తే ఏమనాలి? ఇవాళ అటువంటి విడ్డూరం ఒకటి చెప్పుకుందాం.

ఆఫ్రికాలోని టాంజానియా దేశంలో ఎన్‌గోరోంగోరో అనే రక్షిత ప్రాంతం ఉంది. జీపులో కూర్చుని అడవి జంతువులను చూసిరావడాన్ని సఫారీ అంటారు. 2017 జూలైలో అక్కడి ఎన్‌డూటూ దగ్గర అలా వెళ్ళినవారికి ఒక ఆడసింహం ఒత్తిగిలి పడుకుని కనిపించింది. దాని పొట్ట దగ్గర ఓ కూన పాలు తాగుతోంది. సింహం పిల్లలకీ పసితనంలో మసక మచ్చలుంటాయి లెండి. కానీ ఈ కూన ఒంటినిండా ముదురు మచ్చలు, గుత్తులు గుత్తులుగా! అది చిరుతపులి కూన.

ఆ సింహం పేరు నోసికితోక్. వయసు అయిదేళ్ళు. పరిశోధకులు దాని మెడకి పట్టీ కట్టి కదలికలు కనిపెడుతుండేవారు.

ఇందులో వింతేముందంటారా? సింహాలకీ చిరుతలకీ వేట దగ్గర పోటీ. చిరుత కూన ఒంటరిగా దొరికితే సింహం సాధారణంగా చంపేస్తుంది. మరి ఇదెందుకు చేరదీసింది?

మొదటి సంగతి, నోసికితోక్ బాలింత. పిల్లల్ని కని రెండు మూడు వారాలే అయింది. కాన్పు కాగానే ఒంట్లో ఊరే హార్మోనులు పాలనీ మమకారాన్నీ కలిపే తెస్తాయి. ఆ కూనదీ ఇంచుమించు తన పిల్లల ఈడే. రెండో సంగతి, సింహాలది ఉమ్మడి కుటుంబం. గుంపులోని ఆడసింహాలు అక్కచెల్లెళ్ళో, తల్లీ కూతుళ్ళో అయివుంటాయి. ఒకదాని పిల్లలు ఇంకోదాని దగ్గర పాలు తాగడం మామూలే. నిపుణులు ఊహించిన కారణాలివి. అసలు కారణం ఆ తల్లికే తెలియాలి!

మర్నాడు సింహం కనిపించింది గానీ, పక్కన కూన లేదు.

మన దేశంలోనూ ఇలాంటిది జరిగింది. 2018 డిసెంబరులో గుజరాత్‌లోని గిర్ అడవిలో, ఇద్దరు పిల్లలున్న ఒక సింహం రెండు నెలల చిరుత కూనని చేరదీసింది. పాలిచ్చింది, వేటాడి తెచ్చిన మాంసంలో వాటా పెట్టింది. మూడూ కలిసి ఆడుకునేవి. సుమారు నలభై అయిదు రోజుల తరవాత పాపం, కూన చనిపోయింది. పరీక్ష చేస్తే దానికి పుట్టుకతోనే హెర్నియా ఉన్నట్టు తేలింది. సింహం చేసిన హాని ఏమీ లేదు.

ఇందులో మనం గుర్తుంచుకోవలసినది ఒకటుంది. ఒంటరిగా కనిపించిన కూనలన్నీ అనాథలు కావు. తల్లి చిరుత పిల్లల్ని పొదలో దాచి వేటకి పోతుంది. మహారాష్ట్రలో చెరుకు కోతలప్పుడు చిరుత కూనలు దొరుకుతూంటాయి. అటవీ శాఖవారు వాటిని దొరికిన చోటే ఉంచి దూరంగా కాపు కాస్తే, రాత్రి తల్లి వచ్చి నోట కరుచుకుపోయిన సందర్భాలు ఎన్నో ఉన్నాయి. అదే మనం జాలిపడి ఇంటికి తెచ్చామో, తల్లీ బిడ్డలని విడదీసినవాళ్ళమవుతాం.

కనుక అడవి వైపు వెళ్ళినప్పుడు, కూన ముద్దొస్తోందని పిల్లలు ఎత్తుకోబోతే వెంటనే ఆపండి. అక్కణ్ణించి తప్పుకుని, అటవీ శాఖవారికి కబురు చెయ్యండి. తల్లి పక్క పొదలోనే ఉండి చూస్తూండవచ్చు సుమా!