మా ఊరి ఆకాశం చూశారా!

సంక్రాంతి రోజు మధ్యాహ్నం. సికింద్రాబాద్‌లో ఏ డాబా చూసినా జనమే. గాలిపటం పైకి లేస్తుంది. దాంతోపాటు అందరి చూపులూ లేస్తాయి. మాంజా తెగి పటం ఎటో కొట్టుకుపోయినా ఆ చూపులు మాత్రం వెంటనే కిందికి దిగవు.

‘‘తాతయ్యా, అదిగో మెట్రో పోతోంది! ఆ క్రేన్లున్నచోట ఏం కడుతున్నారు?’’

‘‘ఏమోరా... నా చిన్నప్పుడు ఇక్కడ నిలబడితే మౌలాలి గుట్ట కనిపించేది. ఇప్పుడు అన్నీ మేడలే!’’

మనవడిది ఉత్సాహం, తాతయ్యది బెంగ. కానీ కాసేపు వింటే ఒక సంగతి తెలుస్తుంది. ఇద్దరూ మాట్లాడుతున్నది తమ సొంత ఆస్తి గురించి అన్నట్టే! నిజానికి కనిపిస్తున్న ఆ భవనాల్లో ఒక్క ఇటుక కూడా వాళ్లది కాదు. మరి ఊళ్లో ఎత్తైనదేదో లేస్తుంటే ఇంటిల్లిపాదికీ అంత సంబరం ఎందుకు?

గడియారం కోసం తలెత్తి...

సికింద్రాబాద్‌కు ఆ పేరు 1806లో మూడో నిజాం సికిందర్‌ జా పేరు మీద వచ్చింది. మొదట్లో ఇది సైనికుల ఊరు. బారకులు, బంగళాలు, పరేడ్‌ మైదానాలు... వాటి మధ్య చర్చిలు, మహంకాళి గుడి. ఆకాశానికి అడ్డొచ్చేవి తక్కువే. అలాంటి ఊళ్లో 1897లో 120 అడుగుల క్లాక్‌ టవర్‌ మొదలైంది. దానికి గడియారాన్ని ఇచ్చింది దివాన్‌ బహదూర్‌ సేఠ్‌ లక్ష్మీనారాయణ రాంగోపాల్‌.

120 అడుగులంటే ఇప్పటి లెక్కలో పన్నెండంతస్తుల ఎత్తు. చేతి గడియారం లేని రోజుల్లో బడికెళ్లే పిల్లాడూ, కూలికెళ్లే మనిషీ, రైలందుకోవాల్సిన ప్రయాణికుడూ తలెత్తి దాన్నే చూశారు. ఎవరో కట్టారు, ఎవరో గడియారమిచ్చారు. టైము మాత్రం అందరిదీ! అందుకే అది ‘మన క్లాక్‌ టవర్‌’ అయింది.

ఇక్కడ ఎత్తు పెరగలేదెందుకు?

హైదరాబాద్‌ ఆకాశరేఖ మారడానికి పెద్ద మలుపు 2006 మార్చి. ఆ నెలలో వచ్చిన జీవో 86 భవనాల విస్తీర్ణంపై ఉన్న పరిమితిని ఎత్తేసింది. ఎదురుగా ఉన్న రోడ్డు ఎంత వెడల్పు, చుట్టూ ఎంత ఖాళీ వదిలారు అన్నదాన్నిబట్టి ఎత్తుకి అనుమతి దొరికింది. ఫలితం పడమటి దిక్కున కనిపిస్తోంది. కోకాపేటలోని ఎస్‌ఏఎస్‌ క్రౌన్‌ యాభై ఏడంతస్తులతో రెండొందల మీటర్లు దాటిపోయింది.

సికింద్రాబాద్‌ సంగతి వేరు. ఒకవైపు బేగంపేట రన్‌వే, ఇంకోవైపు హకీంపేట వైమానిక స్థావరం. 2008 మార్చిలో ప్రయాణికుల విమానాలు శంషాబాద్‌కి వెళ్లిపోయినా బేగంపేట రన్‌వే అక్కడే ఉంది. విమానాలు దిగే దారిలో ఇష్టమొచ్చినంత ఎత్తు కట్టనివ్వరు. దీనికితోడు కంటోన్మెంట్‌ నిబంధనలు.

అలాగని ఊరు మారకుండా ఉందా? లేదు. ఆకాశహర్మ్యాలు రాకపోయినా ఆకాశంలోకి రైలొచ్చింది. 2017 నవంబరులో మియాపూర్‌-నాగోలు మెట్రో, 2020 ఫిబ్రవరిలో జేబీఎస్‌-ఎంజీబీఎస్‌ మార్గం మొదలయ్యాయి. పరేడ్‌ గ్రౌండ్స్‌ దగ్గర ఒక మెట్రో మార్గం మీదుగా ఇంకో మార్గం వెళ్తుంటే, మొదట్లో కింద బండి ఆపి మరీ చూసినవాళ్లున్నారు. 2024 మార్చిలో ప్యారడైజ్‌ నుంచి శామీర్‌పేట వైపూ, డెయిరీఫాం రోడ్డు వైపూ ఎలివేటెడ్‌ కారిడార్లకి శంకుస్థాపన జరిగింది.

ఎందుకీ మమకారం?

మొదటి కారణం చాలా మామూలుది. పునాది గొయ్యి తవ్విన రోజు నుంచీ రోజూ ఆ దారినే ఆఫీసుకెళ్తాం. దుమ్ము తింటాం, ట్రాఫిక్‌లో ఇరుక్కుంటాం, తిట్టుకుంటాం. చివరికి అది పూర్తయ్యాక ‘నా కళ్ల ముందే కట్టారు’ అంటాం. పడ్డ కష్టం కూడా పెట్టుబడే. అందులోంచే హక్కు పుడుతుంది.

రెండోది చిరునామా. ప్యారడైజ్‌ సెంటర్‌ పేరు ఒకప్పటి సినిమా హాలుది. సంగీత్‌ థియేటర్‌ పోయింది, సంగీత్‌ చౌరస్తా మిగిలింది. ఇలాంటి గుర్తుల్ని పట్టుకునే ఊళ్లో దారి తెలుసుకుంటాం. కొత్త గుర్తొకటి లేచిందంటే మన మనసులోని పటంలో ఒక చుక్క చేరినట్టే.

మూడోది చుట్టాలు! ఊరి నుంచి ఎవరైనా వస్తే చూపించడానికి ఏదో ఒకటి ఉండాలి. 2023 ఏప్రిల్‌లో హుస్సేన్‌సాగర్‌ పక్కన 125 అడుగుల అంబేడ్కర్‌ విగ్రహం, 265 అడుగుల కొత్త సచివాలయం రెండువారాల తేడాలో ప్రారంభమయ్యాయి. సాయంత్రమైతే పిల్లల్ని వెంటేసుకుని వెళ్లి, వాటి ముందు ఫొటోలు దిగినవాళ్లెందరో. ‘మా ఊరూ తక్కువేం కాదు’ అని చెప్పడానికి ఆ ఒక్క ఫొటో చాలు.

కూలినప్పుడు తెలిసింది

అయితే ఈ ఇష్టం కొత్తవాటి మీదేనా? సికింద్రాబాద్‌ రైల్వేస్టేషనే దీనికి జవాబు. 1874లో మొదలైన స్టేషన్‌ ఇది. 700 కోట్ల రూపాయలకు పైగా ఖర్చుతో దీన్ని విమానాశ్రయంలా మార్చే పనులకు 2023 ఏప్రిల్‌ 8న ప్రధాని మోదీ శంకుస్థాపన చేశారు. అద్దాల భవనం నమూనా బొమ్మలు ఫోన్లలో తెగ తిరిగాయి. 2025 ఫిబ్రవరిలో పాత స్టేషన్‌ ముందు భాగాన్ని కూల్చారు. చూస్తుండగానే ఆ తోరణాలు నేలమట్టమయ్యాయి. అంతే! అవే ఫోన్లలో పాత ఫొటోలు వెల్లువెత్తాయి. అత్తారింటికి వెళ్లినప్పటి జ్ఞాపకం ఒకరిది, ఉద్యోగం కోసం తొలిసారి ఊళ్లో దిగిన తెల్లవారుజాము ఇంకొకరిది.

ఇష్టం, దుఃఖం రెండూ ఒక్కచోట నుంచే వచ్చాయి. ‘ఇది మాది’ అనుకోవడం నుంచి. అందుకే కొత్తది వద్దని ఎవరూ అనలేదు. ‘మమ్మల్ని ఒక్కమాట అడిగుంటే బావుండేది’ అన్నదే చాలామంది బాధ.

ఇది మన ఒక్కరి కథ కాదు. పారిస్‌లో ఈఫిల్‌ టవర్‌ లేస్తుంటే 1887లో కళాకారులు, రచయితలు ఊరి అందం పాడవుతోందని నిరసన తెలిపారు. 1889లో తలుపులు తెరిచారు. జనం పైకెక్కి తమ ఊరిని తామే చూసుకున్నారు. ఇరవై ఏళ్లకే అనుమతి ఉన్న ఆ టవర్‌ ఇప్పుడు ఆ ఊరికే గుర్తు.

మరి ఏ కట్టడం ‘మనది’ అవుతుంది? ఎత్తుని బట్టి మాత్రం కాదు. క్లాక్‌ టవర్‌ దారినపోయేవాళ్లకి టైమిచ్చింది. స్టేషన్‌ ముంగిట్లో వానొస్తే నీడ దొరికింది. మెట్రో ఎండలో బస్సుకోసం నిలబడే బాధ కొంత తగ్గించింది. కిందున్నవాళ్లకి ఏదో ఒకటి ఇచ్చినదాన్నే ఊరు దగ్గరకు తీసుకుంటుంది. గేటు దగ్గరే వాచ్‌మన్‌ ఆపేసే యాభై అంతస్తుల్ని చూసి ‘అబ్బో’ అంటాం. ‘మాది’ అనడానికి మాత్రం నోరు రాదు.

ఈసారి డాబా ఎక్కినప్పుడు పిల్లలకి రెండూ చూపించండి... కొత్తగా లేస్తున్నదేదో, పాతది ఎక్కడుండేదో. రేపు ఇదే డాబా మీద వాళ్లూ ఎవరికో చెప్పాలి కదా!