గుడ్డు తనది... గూడు పరాయిది!

కోయిల కూసిందంటే వసంతం వచ్చిందని మురిసిపోతాం. ఆ కూసే పక్షి కన్ను మాత్రం కాకి గూటి మీద ఉంటుంది. తన గుడ్డును ఇంకొకరికి అంటగట్టే తల్లులు పక్షుల్లోనే కాదు, పురుగుల్లోనూ ఉన్నాయి. అలాంటి ఓ పురుగును మన రైతులు అట్టముక్క మీద తెచ్చుకుని మరీ పొలంలో వదులుతున్నారు.

కాకమ్మ పెంపకం

ఎండలు ముదిరే వేళకి వేపచెట్టు మీద పుల్లలూ తీగముక్కలూ పోగేసి కాకి గూడు కడుతుంది. నల్లగా నిగనిగలాడే మగకోయిల వచ్చి దాని ఎదుటే అరుస్తుంది. ఒళ్లుమండిన కాకులు దాన్ని తరుముకుంటూ పోతాయి. ఒంటినిండా తెల్లచుక్కలున్న ఆడకోయిల ఆ సందు చూసుకుని గూట్లో గుడ్డు పెట్టి జారుకుంటుంది. ఆ గుడ్డూ కాకి గుడ్డులాగే నీలం కలిసిన లేత ఆకుపచ్చ రంగులో, గోధుమరంగు మచ్చలతో ఉంటుంది. కాస్త చిన్నది, అంతే. పైగా కాకి గుడ్ల కన్నా ముందే పిగులుతుంది. ముందు నోరు తెరిచినవాడికే కదా ముందు ముద్ద!

ఈ సంగతి మన పెద్దలకు ఏనాడో తెలుసు. నిఘంటువులో ‘పరభృతం’ అంటే కోయిల, ‘పరభృత్తు’ అంటే కాకి. మొదటిది పరుల పెంపకంలో పెరిగేది, రెండోది పరుల పిల్లను పెంచేది. కాళిదాసు ‘శాకుంతలం’లో దుష్యంతుడు శకుంతలను నమ్మక, ఆడకోయిలలు తమ పిల్లల్ని వేరే పక్షులచేత పెంచుకుంటాయంటూ ఎత్తిపొడుస్తాడు. వానచినుకు కోసం తపించే పక్షిగా కవులు నెత్తిన పెట్టుకున్న చాతకానిదీ ఇదే దారి. గుంపులుగా తిరిగే బూడిదరంగు పిట్టల గూళ్లలో, వాటి గుడ్ల రంగులోనే నీలి గుడ్డు పెట్టి పోతుంది.

వీపు మీద గుంట

కోయిల పిల్ల సాధారణంగా కాకి పిల్లల్ని గూట్లోంచి నెట్టేయదు. దాని చుట్టమైన ఐరోపా కుకూకి ఆ దయ లేదు. కుకూ తల్లి చిన్నపిట్ట గూట్లో ఒక గుడ్డు తీసేసి, పది సెకన్లలో తన గుడ్డు పెట్టేస్తుంది. కళ్లయినా తెరవని దాని పిల్ల, పక్కనున్న గుడ్డును వీపు మీదికి ఎక్కించుకుని వెనక్కి నడుస్తూ గూటి అంచు దాటించేస్తుంది. ఒక్కొక్కటిగా అన్నింటినీ అలాగే తోసేసి, తిండంతా తానే తింటుంది.

దీన్ని కళ్లారా చూసి 1788లో లోకానికి చెప్పినవాడు ఇంగ్లండ్ పల్లెటూరి వైద్యుడు ఎడ్వర్డ్ జెన్నర్. పిల్ల వీపు మీద గుడ్డు ఇమిడేలా ఓ గుంట ఉంటుందనీ, పన్నెండు రోజులయ్యేసరికి అది పూడిపోతుందనీ రాశాడు. చాలామంది నమ్మలేదు. అయినా మరుసటి ఏడాదే రాయల్ సొసైటీ ఆయనకు సభ్యత్వమిచ్చింది. 1796లో మశూచికి టీకా వేసింది ఈ జెన్నరే.

గుడ్డులో గుడ్డు

కోయిలకు కావలసింది గూడు. ట్రైకోగ్రామాకు గుడ్డే గూడు. అర మిల్లీమీటరు మాత్రమే ఉండే ఈ కందిరీగ జాతి పురుగు, రెక్కలపురుగు పెట్టిన గుడ్డు మీదికెక్కి అటూ ఇటూ నడుస్తుంది. మీసాలతో తట్టి చూస్తుంది. గుడ్డు ఎంతుందో కొలుచుకుని, అందులో తన గుడ్లు ఎన్ని పెట్టాలో తేల్చుకుంటుంది. పుట్టిన పిల్ల లోపలి పదార్థమంతా తినేస్తుంది. మూడు నాలుగు రోజుల్లో ఆ గుడ్డు నల్లబడుతుంది. వారం దాటాక అందులోంచి గొంగళి రాదు, కొత్త ట్రైకోగ్రామా వస్తుంది.

వరిలో మొవ్వు చచ్చినా, తెల్లకంకి వచ్చినా కాండం తొలిచే పురుగు పనే. ఒకసారి కాండంలోకి దూరిందంటే దానికి మందు తగలడం కష్టం. ఆకుల మీద గుడ్డుగా ఉన్నప్పుడే పట్టుకోవాలి. నాటేముందు నారు కొనలు తుంచమనేదీ అందుకే. ఆ గుడ్లను వెతికిపెట్టే కూలీ ట్రైకోగ్రామా. ప్రయోగశాలల్లో నూకల మీద పెంచిన బియ్యపు రెక్కలపురుగు గుడ్లను అట్టకు అంటించి, వాటిలో దీనిచేత గుడ్లు పెట్టిస్తారు. ఒక్కో ట్రైకోకార్డు మీద సుమారు 20 వేల గుడ్లుంటాయి. కార్డును ముక్కలుగా కత్తిరించి, ఆకుల అడుగున పిన్ను కొట్టి వదిలేయడమే రైతు పని. చెరకులో పీక పురుగుకూ ఇదే విరుగుడు. రైతులు వీటిని బదనికలంటారు.

సోమరులు కావు

ఇంకొకరి మీద పడి బతికేవాళ్లను తిట్టడానికి ‘పరాన్నజీవి’ అనే మాట వాడతాం. కోయిల కష్టం చూస్తే ఆ తిట్టు నిలవదు. కాకి గుడ్లు పెట్టే రోజులు కనిపెట్టాలి, రంగు కలవాలి, సందు దొరకాలి. వీటిలో ఏది తప్పినా గుడ్డు దక్కదు. పిల్లను పెంచే పని తప్పింది గానీ, పని తప్పలేదు.

రైతుకు ఒక్క మాట. ట్రైకోకార్డును సాయంత్రం చల్లబడ్డాక కట్టండి. కట్టాక కనీసం వారం రోజులు ఆ మడిలో పురుగుమందు కొట్టకండి. కొడితే ముందు చచ్చేది పురుగు కాదు, మీరు కూలికి పెట్టుకున్న బదనికే.