బొమ్మల పిచ్చి కూడు పెడుతుందా?

ఫాంటసీ గేమ్ కళాకారిణి జెనెల్ జేక్వేస్ ప్రయాణం మన తల్లిదండ్రులకు చెప్పేదేమిటి?

ప్లేనో, ఫ్రిస్కో, ఇర్వింగ్... తెలుగు కుటుంబాలు పెద్ద సంఖ్యలో ఉన్న ఈ ఊళ్లలో శనివారం వచ్చిందంటే పిల్లలకు మ్యాథ్ క్లాసు, కోడింగ్, రోబోటిక్స్. ఈ హడావుడిలోనే నోట్‌బుక్ చివరి పేజీల్లో డ్రాగన్లు, కోటలు గీసుకునే పిల్లలూ ఉన్నారు. 'పెద్దయ్యాక గేమ్స్ తయారుచేస్తా' అని వాళ్లు అనగానే చాలా ఇళ్లలో వినిపించే ప్రశ్న ఒకటే: అది కూడు పెడుతుందా? ఈ ప్రశ్నకు జవాబు మన డాలస్ ప్రాంతంలోనే దొరుకుతుంది. ఇక్కడ ఏళ్ల తరబడి పనిచేసిన జెనెల్ జేక్వేస్ దాదాపు యాభై ఏళ్లు బొమ్మలు గీస్తూ, ఆటలు రూపొందిస్తూ బతికారు. ఆ బతుకులో వెలుగూ ఉంది, ఉద్యోగం ఊడిన రోజులూ ఉన్నాయి.

కాలేజీ రోజుల్లోనే తొలి అడుగు

1956లో పుట్టిన జేక్వేస్ మిషిగన్‌లోని స్ప్రింగ్ ఆర్బర్ కాలేజీలో ఆర్ట్ చదివారు. 'డంజియన్స్ అండ్ డ్రాగన్స్' 1974లో కొత్తగా వచ్చింది. కాగితం, పెన్సిల్, పాచికలతో నలుగురైదుగురు కూర్చుని ఆడే ఆట అది. ఒకరు కథ నడిపిస్తుంటే మిగతావారు వీరులుగా, మాంత్రికులుగా అందులో తిరుగుతారు. ఆ ఆట అభిమానుల కోసం 1976లో, ఇంకా చదువుకుంటూనే, మిత్రులతో కలిసి ఆమె 'ది డంజనీర్' అనే చిన్న పత్రిక మొదలుపెట్టారు. ఉద్యోగం కోసం ఎదురుచూడకుండా చేతనైన పనిని అచ్చువేసి నలుగురి ముందు పెట్టారు. కాలేజీ పూర్తవగానే జడ్జెస్ గిల్డ్ అనే గేమ్ సంస్థలో పని దొరికింది. 1979లో వచ్చిన 'డార్క్ టవర్', 'కావెర్న్స్ ఆఫ్ థ్రేషియా' ఆమెకు పేరు తెచ్చాయి. వీటి కోసం నేటికీ అభిమానులు వెతుకుతుంటారు.

పద్మవ్యూహం కాదు

వాటిలో అంత గొప్పేముంది? మనకు తెలిసిన కథతోనే చెప్పుకోవచ్చు. పద్మవ్యూహంలోకి అభిమన్యుడికి లోపలికి వెళ్లే దారే తెలుసు, బయటికొచ్చే దారి తెలియదు. సాదాసీదా గేమ్ మ్యాపులు కూడా అలాగే ఉంటాయి. ఒక గది దాటితే ఇంకో గది, చివర్లో రాక్షసుడు. ఆటగాడు ఎంచుకునేది ఏమీ ఉండదు.

జేక్వేస్ గీసిన నేలమాళిగలు వేరు. లోపలికి వెళ్లడానికి ఒకటికి మించి ద్వారాలు ఉంటాయి. ఒక దారి చుట్టూ తిరిగి మొదటి చోటికే తెస్తుంది. ఒక రహస్య మెట్ల వరస రెండు అంతస్తులు దాటించి కిందికి దించుతుంది. ఒకే మ్యాపును రెండు జట్లు ఆడితే రెండు వేర్వేరు కథలు పుడతాయి. గేమ్ డిజైనర్ల మాటల్లో ఇలాంటి నిర్మాణానికి ఆమె పేరే ఒక క్రియాపదంగా మారింది. బొమ్మ గీసే కన్ను, ఆటగాడి మనసు చదివే బుర్ర రెండూ ఒకే మనిషిలో ఉంటే ఏం సాధ్యమో ఆ మ్యాపులు చూపిస్తాయి.

ఒక తలుపు మూస్తే ఇంకోటి

1980ల మొదట్లో ఆమె కొలెకో సంస్థలో చేరారు. పాక్-మ్యాన్, డాంకీ కాంగ్ లాంటి ఆర్కేడ్ గేమ్‌లను ఇళ్లకు తెచ్చే పనిలో పాలుపంచుకున్నారు. వీడియో గేమ్ మార్కెట్ కుప్పకూలడంతో 1985లో కొలెకో ఆ వ్యాపారం మానేసింది. ఆమె మళ్లీ ఫ్రీలాన్స్ బొమ్మల వైపు వెళ్లారు. 1993లో డంజియన్స్ అండ్ డ్రాగన్స్ ప్రచురణ సంస్థ టీఎస్ఆర్‌లో చిత్రకారిణిగా చేరారు. ఆర్థిక ఇబ్బందుల్లో పడిన టీఎస్ఆర్ 1997లో మరో సంస్థ చేతికి వెళ్లిపోయింది.

అదే ఏడాది ఆమె డాలస్ శివారులోని ఇడ్ సాఫ్ట్‌వేర్‌లో చేరి క్వేక్ 2, క్వేక్ 3 అరీనా గేమ్‌లకు లెవెల్స్ రూపొందించారు. పాతికేళ్లు నిండకముందే గ్రాఫ్ కాగితం మీద గీసిన నేలమాళిగల అనుభవమే నలభై దాటాక త్రీడీలో అక్కరకొచ్చింది. 2002 నుంచి ఎన్సెంబుల్ స్టూడియోస్‌లో ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 3 లాంటి వాటికి పనిచేశారు. 2009లో మైక్రోసాఫ్ట్ ఆ స్టూడియోను మూసేసింది.

2011లో తాను ట్రాన్స్ మహిళనని ఆమె బయటికి చెప్పారు. అందుకే పాత పుస్తకాల మీద వేరే పేరు కనిపిస్తుంది. 2017లో అడ్వెంచర్ గేమింగ్ రంగపు హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దక్కింది. 2023 అక్టోబరులో గిలన్-బరీ సిండ్రోమ్ (జీబీఎస్)తో ఆసుపత్రిలో చేరారు. వైద్య ఖర్చుల కోసం కుటుంబం విరాళాలు కోరాల్సి వచ్చింది. 2024 జనవరి 10న, 67వ ఏట కన్నుమూశారు.

మనం చూసుకోవాల్సినవి

ఈ జీవితాన్ని అందంగా మాత్రమే చెప్పుకుంటే పిల్లలకు అన్యాయం చేసినట్లే. పేరున్న కళాకారిణికే ఉద్యోగాలు నిలకడగా లేవు. 2023, 2024 సంవత్సరాల్లోనూ గేమ్ పరిశ్రమలో వేల ఉద్యోగాలు పోయాయి. ఇక్కడే పుట్టి పౌరసత్వం ఉన్న పిల్లలు ఇంకో ఊరు వెళ్లి మళ్లీ మొదలుపెట్టగలరు. హెచ్1బీ మీద ఉన్నవారికి ఉద్యోగం పోతే గడువు గరిష్ఠంగా 60 రోజులే. హెచ్4 మీద ఉన్న పిల్లలకు 21 ఏళ్లు నిండితే ఆ హోదా పోతుంది. కాబట్టి ఈ రంగంలోకి వెళ్లాలనుకునే పిల్లల ఇంట్లో వీసా, ఆరోగ్య బీమా, ఆరు నెలల ఖర్చుకు సరిపడా పొదుపు గురించిన మాట ముందే జరగాలి.

అలాగని దారి మూసేయక్కర్లేదు. సదరన్ మెథడిస్ట్ యూనివర్సిటీలో 2003లో మొదలైన గిల్డ్‌హాల్ స్థాపనలో జేక్వేస్ పాత్ర ఉంది. తొలి ఏళ్లలో అది ప్లేనోలోనే నడిచింది. గేమ్ ఆర్ట్, డిజైన్, ప్రోగ్రామింగ్, ప్రొడక్షన్‌లలో మాస్టర్స్ చేసే వీలుంది. విద్యార్థులు జట్లుగా కూడి అసలైన గేమ్‌లు పూర్తిచేయాలి.

ఈలోగా హైస్కూల్ పిల్లలు మనుషుల్ని, కట్టడాలను చూసి గీయడం సాధన చేయాలి. బ్లెండర్, గోడో లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ ఇంట్లోనే నేర్చుకోవచ్చు. కథలకూ కొదవ లేదు. జేక్వేస్ గ్రీకు పురాణాల నుంచి థ్రేషియా కట్టుకున్నారు. మన పిల్లలకు మయసభ ఉంది, సొరంగమున్న లక్క ఇల్లు ఉంది, చేరియాల పటాల రంగులున్నాయి.

మీ ఇంట్లో అలాంటి పిల్లలుంటే ఈ సెలవుల్లో ఒక చిన్న ఆట పూర్తిచేయమనండి. కాగితం మీదైనా సరే, సగంలో వదలకూడదు. రాత్రి భోజనాలయ్యాక అమ్మానాన్న, అమ్మమ్మ, తాతయ్య అంతా కూర్చుని ఆడండి. ఎవరు ఎక్కడ చిక్కుకుపోయారో, ఎక్కడ విసుక్కున్నారో రాసుకుని మర్నాడు సరిదిద్దమనండి. ఆ సరిదిద్దే ఓపిక ఉందో లేదో చూస్తే, అది పిచ్చో పనో మీకే తెలిసిపోతుంది.