చేతి పట్టుకు జాడీ, రాయి, కర్ర

ఈ వారం ఎపిసోడ్‌లో కుంగ్‌ఫూ వాళ్ళు చేతి పట్టు కోసం ఇంట్లోనే చేసుకునే సామాన్ల గురించి మాట్లాడాను. డ్యూటీకి పోతూ వినేవాళ్ళకి కొలతలు గుర్తుండవు కదా, అందుకే ఇక్కడ రాసి పెడుతున్నా.

ముందు, మనకెందుకిది? రోజంతా సుత్తి, డ్రిల్లు, రాడ్డు పట్టుకునే చేయి ఎక్కువగా ఒకే పని చేస్తుంది: గట్టిగా మూసుకోవడం. వేలి కొనలతో పట్టడం, మణికట్టు తిప్పడం, వేళ్ళు బలంగా తెరవడం తక్కువ. కుంగ్‌ఫూలో చిన్ నా అనే విద్య ఉంది. ఎదుటివాడి మణికట్టో మోచెయ్యో పట్టి మెలిపెట్టడం. ఈగిల్ క్లా పద్ధతికి కూడా వేళ్ళ బలమే ముఖ్యం. అందుకే వాళ్ళు చేతి ఒక్కో పనికి ఒక్కో సామాను పెట్టుకున్నారు. నాకు ఇవి చూపించింది మలేషియాలో మా సైట్‌లో పనిచేసిన ఒక చైనీస్ ఫోర్‌మన్.

1. జాడీ. జాడీ మూతిని వేలి కొనలతో పట్టి, చేయి కిందికి వదిలి నడవాలి. మొదట ఖాళీది, తర్వాత కొద్దికొద్దిగా ఇసుక. ఒకినావా కరాటే వాళ్ళు ఇప్పటికీ ఇలాంటి జాడీలే వాడతారు. మనకి ఖాళీ పచ్చడి డబ్బాలు రెండు చాలు. మూత ఊడకుండా టేపు చుట్టండి. పొడి ఇసుక లీటరుకి సుమారు 1.6 కిలోలు. అర లీటరుతో మొదలుపెడితే 800 గ్రాములు. 20 అడుగులు నడిచి దించండి, మూడు సార్లు. వారానికి ఒక్క గుప్పెడే కలపండి. కండ తొందరగా పెరుగుతుంది, దాన్ని ఎముకకి కట్టి ఉంచే టెండాన్ ఆలస్యంగా గట్టిపడుతుంది. తొందరపడితే మోచెయ్యి దగ్గర నొప్పి పట్టుకుంటుంది.

2. రాతి తాళం. తాళం కప్ప ఆకారంలో చెక్కిన రాయి, పైన పిడి. చైనాలో దీన్ని గాల్లోకి విసిరి పట్టుకుంటారు. రూంలో విసరడం మనకొద్దు, కాలి వేళ్ళు పోతాయి. 8 ఎం.ఎం. రాడ్డుకి పైపు ముక్క తొడిగి, యూ లాగా వంచి, రెండు కాళ్ళూ 2 లీటర్ల డబ్బాలో దించి కాంక్రీటు పోయండి. దాదాపు 5 కిలోలు వస్తుంది. 7 రోజులు క్యూరింగ్ చెయ్యండి. మిగిలిన కాంక్రీటైనా సరే, అడిగే తీసుకోండి. అడక్కుండా గేటు దాటిస్తే ఉద్యోగానికే ముప్పు.

3. కర్ర, తాడు. అడుగున్నర కర్ర, మధ్యలో మీటరు తాడు, చివర 1.5 లీటర్ల నీళ్ళ బాటిల్. కర్ర తిప్పుతూ తాడు పైకి చుట్టాలి, అంతే నిదానంగా కిందికి విప్పాలి. ఒక్కసారిగా వదిలేస్తే సగం పని పోయినట్టే.

4. ఇసుక బకెట్. చెయ్యి పొడి ఇసుకలో దించి, లోపలే వేళ్ళు తెరవాలి, మూయాలి. పురుగు పట్టిన బియ్యమైనా పర్లేదు. నాలుగింట్లో మనకి ఎక్కువ అవసరం ఇదే, ఎందుకంటే పనిలో ఈ కదలిక రానే రాదు.

వారానికి మూడు రోజులు చాలు. ఓవర్‌టైం చేసిన రోజు మానేయండి. పెసల సంచిని అరచేత్తో కొట్టే ఐరన్ పామ్ వీడియోలు చూసి మాత్రం మొదలుపెట్టకండి. అది గురువు దగ్గర నిదానంగా నేర్చుకునేది.

ఒక్కటి గట్టిగా చెప్తున్నా. బ్రేకర్, గ్రైండర్ పట్టేవాళ్ళకి వేళ్ళు తెల్లబడినా, రాత్రి తిమ్మిరెక్కినా, చేతిలో వస్తువు జారిపోతున్నా అది బలం తక్కువై అనుకోవద్దు. మిషన్ అదురుకి నరాలు, రక్తనాళాలు దెబ్బతింటే ఇలాగే ఉంటుంది. ఈ కసరత్తుతో అది తగ్గదు. కసరత్తు ఆపి, సేఫ్టీ ఆఫీసర్‌కి చెప్పి, డాక్టర్‌కి చూపించుకోండి. ఆ మిషన్ పని ఆపకపోతే అది ముదిరి, తర్వాత మానినా పూర్తిగా తగ్గకపోవచ్చు.

జాడీ చేసుకున్నవాళ్ళు ఎంత ఇసుకతో మొదలుపెట్టారో వాయిస్ నోట్ పంపండి. వచ్చే ఎపిసోడ్‌లో వినిపిస్తాను. జాగ్రత్త.