కారు ఏసీ వేడిగాలి ఎందుకు కొడుతుంది?

కారులోని ఏసీ చేసే పని, లోపలి వేడిని ఒక పదార్థం చేత మోయించి బయటిగాలిలో పారబోయించడం. సూదిమందు వేసే ముందు చర్మానికి రాసిన స్పిరిట్ ఆవిరవుతూ ఒంటి వేడిని లాగేసుకున్నట్టే, మెకానిక్కులు గ్యాస్ అని పిలిచే శీతలకం డాష్‌బోర్డు వెనుకనున్న కూలింగ్ కాయిల్‌లో మరిగి ఆవిరవుతూ గాలిలోని వేడిని పీల్చుకుంటుంది. ఆ ఆవిరిని కంప్రెసర్ లాక్కొని, ఒత్తిడి పెంచి, రేడియేటర్ ముందున్న కండెన్సర్‌లోకి నెడుతుంది. అక్కడ అది వేడిని వదిలి ద్రవంగా మారి, తేమను పట్టి ఉంచే డ్రయ్యర్ గుండా సాగి, ఎక్స్‌పాన్షన్ వాల్వ్ అనే సన్నని ద్వారం దాటగానే ఒత్తిడి కోల్పోయి చల్లబడుతుంది. ఈ తిరుగుడులో శీతలకం ఖర్చయ్యే చోటు ఒక్కటీ లేదు. అందువల్ల వేడిగాలి వస్తున్న కారుకు "గ్యాస్ అయిపోయింది" అని చెప్పడం రోగ లక్షణాన్ని చెప్పడమే తప్ప రోగాన్ని గుర్తించడం కాదు.

ఇంట్లోని ఫ్రిజ్ ఏళ్ల తరబడి గ్యాస్ అడగకుండా పనిచేస్తుండగా కారు ఏసీకి మాత్రం ఈ బెడద ఎందుకన్న ప్రశ్నకు సమాధానం దాని పుట్టుకలోనే ఉంది. ఫ్రిజ్‌లో మోటారు, కంప్రెసర్ రెండూ ఒకే ఉక్కు డొప్పలో సీలై ఉంటాయి. కారు కంప్రెసర్‌ను ఇంజను బెల్టుతో తిప్పాలి కనుక దాని ఇరుసు డొప్పను చీల్చుకొని బయటికి రావలసిందే, ఆ సందును రబ్బరు సీలు కాపాడవలసిందే. పైగా ఇంజను అదురుతూ ఉంటుంది కనుక గొట్టాల్లో కొంత భాగం రబ్బరుదై ఉండాలి. అతుకుల దగ్గర ఓ-రింగులు ఉండాలి. లీకులు ఎక్కువగా ఈ చోట్లనే, అలాగే రోడ్డు మీది రాళ్ల దెబ్బలు తినే కండెన్సర్‌లోనూ పుడతాయి.

ఈ బెల్టు ఏర్పాటు తొలి కారు ఏసీల నుంచీ ఉన్నదే. 1939 చివరలో అమెరికాలో ప్యాకర్డ్ సంస్థ 274 డాలర్ల అదనపు ధరకు కార్లలో ఏసీని అమర్చడం మొదలుపెట్టింది. దాని శీతల యంత్రం డిక్కీలో సగం ఆక్రమించేది. కంప్రెసర్‌ను బెల్టు నుంచి విడదీసే క్లచ్ లేనందువల్ల ఇంజను తిరిగినంతసేపూ కంప్రెసర్ తిరిగేది. చల్లదనం అక్కర్లేని కాలంలో బానెట్ ఎత్తి బెల్టు ఊడదీయవలసి వచ్చేది. ఆ ఏర్పాటు 1941తోనే ఆగిపోయింది. 1954లో నాష్ సంస్థ వేడి, చల్లదనం రెండింటినీ కలిపి కారు ముందు భాగంలోనే ఇమిడ్చిన యంత్రాన్ని 345 డాలర్లకు ఇచ్చాక ఏసీ సామాన్య కార్ల దాకా దిగివచ్చింది.

తరువాతి కార్లలో స్థిరపడిన విద్యుదయస్కాంత క్లచ్ నేటికీ రోగ నిర్ణయంలో మొదటి సాక్షి. ఇంజను నడుస్తుండగా కంప్రెసర్ పుల్లీ ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది. ఏసీ వేయగానే ముందున్న పలక టక్కుమని అతుక్కొని తిరగడం మొదలుపెట్టాలి. అది కదలకపోతే ఫ్యూజు, రిలే, క్లచ్ కాయిల్ చూడాలి. అవి బాగుంటే గ్యాస్ తగ్గినందువల్ల ప్రెషర్ స్విచ్ కరెంటును ఆపి ఉండవచ్చు. కంప్రెసర్‌కు నూనెను మోసుకొచ్చేది కూడా ఆ గ్యాసే కనుక, ఈ ఆపడం కంప్రెసర్ ప్రాణం కాపాడేందుకే. క్లచ్ లేని కొత్తరకం కంప్రెసర్లకు ఈ పరీక్ష వర్తించదు. కారు పరుగులో చల్లగా ఉండి, సిగ్నల్ దగ్గర ఆగితే వేడెక్కుతుంటే లోపం చాలావరకు కండెన్సర్ ఫ్యానులో గాని, రెక్కల మధ్య పేరుకున్న దుమ్ములో గాని ఉంటుంది. కంప్రెసర్ బాగానే ఉండి వేడిగాలి వస్తుంటే, హీటర్ గాలిని చల్లగాలితో కలిపే తలుపు ఇరుక్కుందేమో చూడాలి.

గ్యాస్ నూనెను వెంటబెట్టుకొని కారుతుంది కనుక, అతుకు దగ్గర దుమ్ము అంటుకున్న జిడ్డు మరకే లీకుకు ఆనవాలు. నైట్రజన్ నింపి సబ్బునురగతో పరీక్షించడమో, అతినీలలోహిత కాంతిలో మెరిసే రంగును కలపడమో తరువాతి మెట్టు. లీకు సరిచేశాక వాక్యూమ్ పంపుతో లోపలి గాలిని లాగేస్తే, తగ్గిన ఒత్తిడిలో మిగిలిన తేమ మామూలు వేడికే మరిగి పోతుంది. అది పోకపోతే వాల్వ్ దగ్గర మంచుగా గడ్డకడుతుంది, కాలక్రమంలో ఆమ్లమై లోహాన్ని తింటుంది. ఆ తరువాత గ్యాస్‌ను బానెట్ కింది చీటీపై ఉన్న గ్రాముల లెక్కన తూచి నింపాలి. ఆగి ఉన్న యంత్రంలో ద్రవం, ఆవిరి కలిసి ఉన్నంతవరకు ఒత్తిడిని నిర్ణయించేది ఉష్ణోగ్రతే గాని పరిమాణం కాదు కనుక, అప్పుడు గేజీ ముల్లు చూసి ఎంత ఉందో చెప్పడం కుదరదు. ఎక్కువ నింపినా చల్లదనం తగ్గుతుంది.

లీకును వదిలేసి ఏటేటా గ్యాస్ పట్టించడం ఆకాశానికి చేసే అన్యాయం కూడా. 1928లో థామస్ మిడ్‌గ్లీ బృందం రూపొందించిన ఆర్-12 అనే శీతలకం మంట అంటుకోనిది, విషం కానిది. కానీ అందులోని క్లోరిన్ ఓజోన్‌ను హరిస్తుందని 1974లో శాస్త్రవేత్తలు మొలీనా, రోలండ్ హెచ్చరించగా, అలాంటి పదార్థాలను అరికట్టే మాంట్రియల్ ఒప్పందం 1987లో కుదిరింది. ఆర్-12 స్థానంలో వచ్చిన ఆర్-134ఏలో క్లోరిన్ లేకపోయినా, నూరేళ్ల లెక్కలో అది కార్బన్ డయాక్సైడ్ కంటే 1,300 రెట్లకు పైగా భూమిని వేడెక్కిస్తుంది. ఐరోపా సమాఖ్యలో 2017 నుంచి కొత్త కార్లలో దాన్ని వాడనివ్వడం లేదు. అక్కడ ఆర్-1234వైఎఫ్ వచ్చింది.

విద్యుత్ కార్లలో కంప్రెసర్ మళ్లీ ఫ్రిజ్ దారి పట్టింది: మోటారు డొప్పలోపలే ఉండటంతో బయటికి వచ్చే ఇరుసూ లేదు, దాని సీలూ లేదు. అయితే అధిక వోల్టేజీ మోటారు గ్యాస్ మోసుకొచ్చే నూనెలోనే తడుస్తూ ఉంటుంది కనుక విద్యుత్తును ప్రసరింపనివ్వని ప్రత్యేక నూనెనే వాడాలి. పాత కార్ల నూనె కొద్దిగా కలిసినా ఇన్సులేషన్ దెబ్బతినే ప్రమాదం ఉన్నందువల్ల, ఈ కార్లను బాగుచేసే చోట గొట్టాలు, యంత్రాలు వేరుగా ఉంచుకోవలసి ఉంటుంది.