గాలికుంచెతో బొమ్మచేపలకు రంగులు

కర్నూలు, కడప సీమల మాట వచ్చినప్పుడు కరవును తలచువారే గాని చేపలను తలచువారు అరుదు. అయినను సుంకేసుల కడ తుంగభద్రను వీడి కడప దాక వచ్చు కాలువ మనకు గలదు. విజయనగర రాకుమారుడు భాస్కర భవదూరుడు కట్టించినట్లు 1369వ సంవత్సరపు శాసనము చెప్పు పోరుమామిళ్ల చెరువు గలదు. మైలవరము, శ్రీశైలము జలాశయములు గలవు. ఈ నీళ్లలో వానపామును గాలమునకు గ్రుచ్చి వేయుట పాత వాడుక. వానపామునకు బదులు, కొయ్యతో చేసి రంగులు దిద్దిన చిన్నచేపను నీటిలో లాగి కొర్రమీనును భ్రమింపజేయు పద్ధతి యొకటి యున్నది. ఈ బొమ్మయెరలకు రంగులు వేయుట ఇంటిపట్టున చేయదగిన పని కనుక సోదరీమణులకు దానిని గూర్చి కొంత తెలుపదలచితిమి.

ఫిన్లాండు దేశమున లౌరి రాపాల యను జాలరి 1936లో బెండును చెప్పులు కుట్టువారి కత్తితో చెక్కి, మిఠాయిపొట్లపు తళుకురేకును చుట్టి, కరగించిన ఛాయాచిత్రపు ఫిలిమును పైపూతగా పూసి తన మొదటి యెరను చేసెను. తరువాత అది కుటుంబమంతయు చేయు పని యయ్యెను. గాలికుంచె, అనగా ఎయిర్‌బ్రష్, అంతకంటె పాతది. అమెరికాలో 1870 తరువాతి దశాబ్దమున పుట్టిన ఈ పనిముట్టును అమ్మకమునకు తెచ్చిన లిబర్టీ వాకప్ గారి భార్య ఫీబీ వాకప్ దానితో చిత్రించు విద్యను ఇతరులకు నేర్పిరి.

గాలికుంచె చూపునకు లావుపాటి కలమువలె నుండును. లోపల సన్నని సూది, కొనయందు చిన్నరంధ్రము, పైన రంగుగిన్నె యుండును. కంప్రెసరు నుండి వచ్చు గాలి రంగును తుంపరగా చిమ్మును. రెండు చర్యల మీట గలదానిలో మీటను క్రిందికి నొక్కిన గాలియు, వెనుకకు లాగిన రంగును వచ్చును. గాలిని ముందు విడిచి తరువాత రంగును విడువవలెను. ఆపునప్పుడు రంగును ముందు ఆపి గాలిని తరువాత ఆపవలెను. ఈ యలవాటు చేతికి వచ్చువరకు పాత వార్తాపత్రికలమీద చుక్కలు, గీతలు వేయుచుండుట మేలు. రంధ్రము 0.3 మొదలు 0.5 మిల్లీమీటరు, గాలి యొత్తిడి చదరపు అంగుళమునకు 20 మొదలు 25 పౌనులు ఉన్న చాలును. రంగు వెన్న తీసిన పాలంత పలుచగా నుండవలెను. చిక్కనైనచో రంధ్రము మూసికొనును, మరీ పలుచనైనచో కారిపోవును.

కొండపల్లి బొమ్మలకు వాడు తెల్లపొణికి వంటి తేలికకొయ్య దీనికి అనుకూలము. ఉప్పుకాగితముతో నునుపు చేసి, నీరు పీల్చకుండ వార్నీషు పూసి, పిదప తెల్లరంగు వేయవలెను. తెల్లని నేలపైనగాని పసుపు, ఎరుపు రంగులు వెలుగవు. చాలమంది తొందరపడునది ఇచ్చటనే. ఒక లావుపూతకంటె నాలుగు పలుచని పూతలు మేలు. ఒకటి ఆరిన పిదపనే రెండవది. చేపకు పొట్ట తెలుపు, వీపు నలుపుగా నుండుటకు కారణము గలదు. క్రిందినుండి చూచువానికి పొట్ట ఆకసపు వెలుగులోను, పైనుండి చూచువానికి వీపు అడుగునీడలోను కలిసిపోవును. బొమ్మకును అట్లే లేతరంగులతో మొదలుపెట్టి ముదురురంగులతో ముగింపవలెను.

పొలుసుల సంగతి మన పాఠకులకు నచ్చును. చినిగిన దోమతెర ముక్కను బొమ్మకు బిగువుగా చుట్టి, ప్రక్కలపై రంగు చిమ్మి, ఆరిన పిమ్మట తీసిన యెడల పొలుసులు వరుసలుగా తేలును! చేతికుంచెతో ఒక్కొక్కటి దిద్దువారికి ఒకపూట పట్టు పని యిది. అయితే వానలు పడి చెరువు నీళ్లు ఎర్రమట్టితో కలగిన దినములలో ఈ నగిషీ చేపకు కనబడదు. అట్టి నీటికి నలుపు, పసుపు వంటి ఎదురురంగులే పనికివచ్చునని మా యభిప్రాయము.

ఇక ఇంటి క్షేమమును గూర్చి. ఈ తుంపర కంటికి కనబడనంత సన్నమై గుండెలలోనికి పోవును. కొంగు ముక్కునకు అడ్డుపెట్టుకొనిన చాలునను మాట సరికాదు. రంగుపనికి తగిన ముఖకవచము ధరించి, గాలి పారు వసారాలో, పసిబిడ్డలు దూరముగా నున్నప్పుడు చేయవలెను. టర్పెంటైను, థిన్నరు కలిపిన రంగులు పొయ్యి కడ మంటను పట్టించును. నీటితో కడుగదగిన అక్రిలిక్ రంగులతో మొదలుపెట్టుట మంచిది. బరువుకై బొమ్మలో ఉంచు సీసపుగుండును వంటగిన్నెలలో కరగింపరాదు, పిల్లలకు ఆడుకొన నీయరాదు, సీసము విషము. పని ముగిసిన వెంటనే గిన్నెను, సూదిని కడుగకున్న మరునాడు పనిముట్టు పలుకదు.

పనిముట్టునకు చాల సొమ్ము పెట్టుటకు ముందు, దోమతెరపై దూదియుండతో రంగు అద్ది చూడవలెను. ఆ పనియందు ఆసక్తి నిలిచినచో అప్పుడు కొనవచ్చును.

బొమ్మను నీటికి పంపునప్పుడు ఆ చెరువు మత్స్యకారుల సంఘము వారిదైన యెడల వారి యనుమతి పొందవలెను. వానకాలమున కొర్రమీను తన పిల్లలను ఎర్రని గుంపుగా నీటిపైని వెంటబెట్టుకొని తిరుగును. అప్పుడది బొమ్మను ఆకలిచేతగాక బిడ్డలను కాచుటకే కరచును. అది గాలమునకు చిక్కినచో ఆ పిల్లలను తక్కిన చేపలు మ్రింగును. ఎర్రగుంపు కదలుచోట గాలము వేయవలదని ఇంటి మగవారికి బొమ్మ నిచ్చునప్పుడే చెప్పవలెను.